అనుకోకుండా కలిసిన పాయలు

మీ పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకం ఉందనుకోండి. సైన్సు క్లబ్బు సభ్యులు రోజూ ఉదయం 8-30 గంటలకు అందులోని నీటిని కొలిచి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాస్తారు. నెలాఖరున అన్నిటినీ కూడి, రోజుకు సగటున ఎంత వాన పడిందో లెక్క కట్టాలి. ఈ లెక్కను కంప్యూటరు చేత చేయిద్దామని ఇద్దరు సభ్యులు ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. వాళ్ళను రాధ, గోపి అని పిలుచుకుందాం.

జులై నెలలో మొత్తం 186 మిల్లీమీటర్ల వాన పడింది. ప్రోగ్రాము సగటు 6.2 అని చూపించింది. గోపికి అనుమానం వచ్చి కాగితం మీద లెక్క వేశాడు. జులైకి 31 రోజులు. 186ను 31తో భాగిస్తే సరిగ్గా 6 రావాలి. మరి ఈ 6.2 ఎక్కడిది? ప్రతి నెలకూ 30 రోజులే అన్నట్టు, ప్రోగ్రాములో 30తో భాగించమని రాసి ఉంది! గోపి ఆ తప్పు దిద్దాడు. ప్రోగ్రాము 6.0 అని చూపించింది. అందరూ సంతోషించారు.

వారం తిరగకుండానే అది మళ్ళీ 6.2 చూపించసాగింది. గోపి చేసిన దిద్దుబాటును ఎవరూ కావాలని చెరపలేదు. రాధను అడిగితే, "నేను లెక్క జోలికే పోలేదు. అంకె పక్కన 'మి.మీ.' అని కనిపించేలా మాత్రమే మార్చాను" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. మరి దిద్దిన తప్పు తిరిగి ఎలా వచ్చింది?

ఇలాంటి చిక్కు విద్యార్థుల ప్రోగ్రాములకే వస్తుందనుకోకండి. వేలమంది కలిసి రాసే పెద్ద ప్రోగ్రాములలోనూ వస్తుంది. ఇక్కడ దీనికి దారి తీసింది, ఎవరూ ఆలోచించకుండా జరిగిపోయిన ఒక విలీనం. అదేమిటో, ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఎలా చూసుకోవచ్చో తెలుసుకుందాం.

తాళం నుంచి విలీనం దాకా

ఒకే ప్రోగ్రామును పలువురు రాస్తున్నప్పుడు రెండు అవసరాలు ఏర్పడతాయి. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో గుర్తుండాలి. ఒకరి మార్పు మరొకరి మార్పును చెరిపివేయకూడదు.

అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో 1972లో మార్క్ రోచ్‌కైండ్ ఇందుకోసం ఎస్.సి.సి.ఎస్. అనే సాధనాన్ని తయారు చేశాడు. తర్వాత పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ ఆర్.సి.ఎస్. అనే సాధనాన్ని రూపొందించి, 1982లో వెలువరించాడు. వీటిలో మామూలుగా నడిచేది తాళం పద్ధతి. ఒకరు ఒక పత్రాన్ని తీసుకుంటే దానికి తాళం పడుతుంది. వారు తిరిగి ఇచ్చేదాకా మిగిలినవారు దాన్ని చదవవచ్చు గాని మార్చకూడదు. గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉన్న పుస్తకం లాంటిదన్నమాట. భద్రమే, కాని తీసుకున్నవారు తిరిగి ఇవ్వడం మరచి ఊరికి వెళ్ళిపోతే?

నెదర్లండ్స్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకునికి ఇలాంటి ఇబ్బందే ఎదురయింది. ఆయన, ఇద్దరు విద్యార్థులు కలిసి ఒక ప్రోగ్రాము రాస్తున్నారు. ముగ్గురి పనివేళలూ వేరు. అందుకని ఆయన సి.వి.ఎస్. అనే సాధనాన్ని తయారు చేసి, 1986లో అందరికీ అందుబాటులో పెట్టాడు. ఇందులో తాళం లేదు. ఎవరి ప్రతిని వారు తీసుకొని, ఎవరికి వీలైనప్పుడు వారు మార్చుకుంటారు. మార్పులను తర్వాత కలుపుకుంటారు. తాళం పోయింది. దాని స్థానంలో విలీనం వచ్చింది.

ఈనాడు ఎక్కువమంది వాడుతున్న సాధనం పేరు గిట్. దీని పుట్టుక కూడా అవసరంలో నుంచి వచ్చిందే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ప్రోగ్రామును దేశదేశాలవారు కలిసి రాస్తున్నారు. వాళ్ళు 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాధనాన్ని ఉచితంగా వాడుకుంటూ ఉండేవారు. 2005లో ఆ ఉచిత సౌకర్యం ఆగిపోయింది. టోర్వాల్డ్స్ ఆ ఏడాది ఏప్రిల్ 3న కొత్త సాధనానికి పని మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన సొంత చరిత్రను తానే భద్రపరచుకునే స్థితికి వచ్చింది! జులైలో దాని బాధ్యతను జునియో హమానోకు అప్పగించాడు.

వేలిముద్రల గొలుసు

గిట్ వాడేవారు ఒక చిన్న పని ముగియగానే, "నేను ఈ మార్పు చేశాను, ఇందుకోసం చేశాను" అని ఒక గుర్తు రాసి భద్రపరుస్తారు. దీన్ని 'కమిట్' అంటారు. మనం 'నమోదు' అందాం. అందరి నమోదులూ చేరే చోటును 'రిపాజిటరీ' అంటారు. మనం 'భాండాగారం' అందాం. గిట్‌లో ప్రతి సభ్యుని కంప్యూటరులోనూ భాండాగారం మొత్తం ఉంటుంది. వీటితో పాటు అందరూ ఒప్పుకున్న ఉమ్మడి భాండాగారం ఒకటి ఉంటుంది.

ప్రతి నమోదుకు గిట్ ఒక వేలిముద్ర వేస్తుంది. మామూలుగా ఇది 40 గుర్తుల పొడవుంటుంది. 0 నుంచి 9 వరకు అంకెలు, ఇంగ్లీషులో మొదటి ఆరు అక్షరాలు ఇందులో వస్తాయి. దీన్ని లెక్కించేటప్పుడు గిట్ మూడు విషయాలను కలుపుకుంటుంది: ఆనాటి ప్రోగ్రాము మొత్తం, రాసినవారి పేరు, సమయం, సందేశం వంటి వివరాలు, ముఖ్యంగా దానికి ముందరి నమోదు వేలిముద్ర. ఈ మూడో విషయాన్ని బాగా గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఇది ఎలాగుంటుందో మనమే చిన్న లెక్కతో చూడవచ్చు. నాలుగు చీటీలు తీసుకోండి. ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్క వాక్యం రాయండి. చీటీ సంఖ్యకు సూత్రం ఇది: ముందరి చీటీ సంఖ్యను 3తో హెచ్చించి, ఈ చీటీలోని మాటల సంఖ్యను కూడండి. చివరి రెండంకెలను మాత్రం ఉంచండి. మొదటి చీటీకి ముందు ఏమీ లేదు కనుక అక్కడ సున్న.

చీటీల్లో వరుసగా 5, 8, 6, 9 మాటలు ఉన్నాయనుకుందాం. మొదటి సంఖ్య 5. రెండవది 15+8, అంటే 23. మూడవది 69+6, అంటే 75. నాలుగవది 225+9, అంటే 234, చివరి రెండంకెలు 34. ఇప్పుడు రెండవ చీటీలో ఒక్క మాట కొట్టివేయండి. సంఖ్యలు 5, 22, 72, 25 అవుతాయి. మార్చింది ఒక్క చీటీనే అయినా, దాని తర్వాతివన్నీ మారిపోయాయి! గిట్ వాడే లెక్క దీనికంటే ఎంతో జటిలమైనది. కాని గొలుసు స్వభావం ఇదే.

పాయ ఎక్కడ చీలింది?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకొని అడ్డంగా ఒక గీత గీయండి. దాని మీద క, ఖ అని రెండు చుక్కలు పెట్టండి. ఇవి ఉమ్మడి భాండాగారంలో ఉన్న రెండు నమోదులు. రాధ దగ్గరా, గోపి దగ్గరా ఇవే ఉన్నాయి.

గోపి 30 అనే తప్పు దిద్ది, గ అనే నమోదు చేసి, ఉమ్మడి భాండాగారానికి పంపాడు. ఖ తర్వాత గ చుక్క పెట్టి గీతతో కలపండి. ఈ సంగతి తెలియని రాధ తన కంప్యూటరులో 'మి.మీ.' మార్పు చేసి, ఘ అనే నమోదు చేసుకుంది. దీనికి ముందరి నమోదు కూడా ఖ. కాబట్టి ఖ నుంచి కిందికి ఇంకొక గీత గీసి ఘ చుక్క పెట్టండి.

చరిత్ర రెండు పాయలయింది చూశారా! ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలినట్టే, మన చరిత్ర ఖ దగ్గర చీలింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే ఇలా జరిగి తీరుతుంది.

రాధ తన నమోదును పంపబోయింది. ఉమ్మడి భాండాగారం ఒప్పుకోలేదు. "నా దగ్గర నీకు లేని మార్పులున్నాయి. ముందు వాటిని తెచ్చుకో" అనే అర్థం వచ్చే సందేశం చూపించింది. పైగా 'గిట్ పుల్' అనే ఆదేశం వాడవచ్చునని సలహా కూడా ఇచ్చింది. గిట్ ఆదేశాలను కంప్యూటరుకు ఇంగ్లీషు అక్షరాలలో ఇవ్వాలి. ఇక్కడ వాటిని పలికే తీరులో రాస్తున్నాం.

రాధ ఆ సలహా ప్రకారమే చేసింది. 'పుల్' అంటే లాగడం. కొత్త మార్పులను తెచ్చిపెడుతుంది కాబోలు అనుకుంది. నిజానికి ఈ ఒక్క ఆదేశంలో రెండు పనులు దాగి ఉన్నాయి. మొదటిది 'ఫెచ్', అంటే తేవడం. రెండవది తెచ్చినదాన్ని మన పనితో విలీనం చేయడం. తేవడం వల్ల ఏ ప్రమాదమూ లేదు. మన ప్రోగ్రాము మారదు. రెండవ పనే చరిత్రను మార్చేది.

గ, ఘ రెండింటినీ కలుపుతూ గిట్ చ అనే కొత్త నమోదును తయారు చేసింది. మీ బొమ్మలో గ నుంచీ ఘ నుంచీ గీతలు గీసి, అవి కలిసే చోట చ చుక్క పెట్టండి. మామూలు నమోదుకు ముందరి నమోదు ఒకటే. దీనికి రెండు. దీన్నే విలీన నమోదు అంటారు. దాని సందేశాన్ని కూడా రాధ రాయలేదు. "ఫలానా పాయను కలిపాను" అని గిట్ తనంతట తానే రాసిపెట్టింది. ఎందుకు కలిపారో అందులో లేదు. ఉండే అవకాశమూ లేదు. ఎందుకంటే కలపాలని ఎవరూ నిర్ణయించలేదు!

దిద్దిన తప్పు తిరిగి వచ్చిన దారి

గిట్ విలీనం ఎలా చేస్తుంది? రెండు పాయల చివరలను మాత్రమే పోల్చదు. పాయ చీలిన చోటును, అంటే ఖను కూడా చూస్తుంది. ఒక వాక్యాన్ని ఒక పాయలోనే మార్చి ఉంటే ఆ మార్పును తీసుకుంటుంది. రెండు పాయలలోనూ ఒకే వాక్యాన్ని వేర్వేరు విధాలుగా మార్చి ఉంటే ఆగిపోయి, "ఏది ఉంచమంటారు?" అని మనిషిని అడుగుతుంది.

మన ప్రోగ్రాములో ఆ వాక్యం మొదట ఇలా ఉందనుకోండి: మొత్తాన్ని 30తో భాగించి చూపు. గోపి దాన్ని 'మొత్తాన్ని ఆ నెల రోజులతో భాగించి చూపు' అని మార్చాడు. రాధ అదే వాక్యాన్ని 'మొత్తాన్ని 30తో భాగించి మి.మీ. అని చూపు' అని మార్చింది. గిట్ ఆగింది. బడి గంట కొట్టే వేళయింది. ఈ రెండింటిలో ఒకటి తన వాక్యమే అని రాధ గుర్తుపట్టింది. దాన్ని ఉంచి, రెండవదాన్ని తీసివేసి, పంపేసింది. గోపి దిద్దుబాటు అక్కడ పోయింది. నిజానికి ఉంచవలసింది ఆ రెండూ కాదు. 'ఆ నెల రోజులతో భాగించి మి.మీ. అని చూపు' అనే మూడో వాక్యం.

పొరపాటు జరగడం సహజం. అసలు ప్రమాదం అది కనిపించకపోవడం. నమోదులలోని మార్పులను వరుసగా చూపమని అడిగినప్పుడు గిట్ మామూలుగా విలీన నమోదులోని మార్పులను చూపదు. ఆ ఒక్క నమోదునే చూపమని అడిగితే సంక్షిప్తంగా చూపుతుంది గాని, రెండు పాయలలో దేనితోనూ సరిపోలని భాగాలనే అందులో చూపుతుంది. రాధ ఉంచిన వాక్యం తన పాయలోని వాక్యమే కదా! అందుకని అక్కడా కనిపించలేదు. గోపి నమోదు చరిత్రలో భద్రంగా ఉంది. రాధ నమోదులో తప్పు లేదు. తప్పు జరిగింది మాత్రం ఎవరూ తెరిచి చూడని ముడిలో.

ఇద్దరు ఉన్నచోట ఒక ముడి. ఇరవైమంది ఉన్నచోట, అందరూ రోజుకొకసారి ఇలా లాగితే? అసలు పని చేసిన నమోదులు అనవసరపు ముడుల మధ్య దాగిపోతాయి. ఇందువల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ప్రోగ్రాములో తప్పు ఎప్పుడు ప్రవేశించిందో కనుక్కోవడానికి గిట్‌లో 'బైసెక్ట్' అనే చక్కని సాధనం ఉంది. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మధ్యకు తెరిచి, ముందుందో వెనకుందో చూస్తారు కదా, అదే పద్ధతి. ప్రతిసారి సగం వదిలేస్తే, 1000 నమోదులలో తప్పు చేసినదాన్ని సుమారు 10 పరీక్షలలో పట్టవచ్చు. 2ను పదిసార్లు హెచ్చిస్తే 1024 అవుతుంది కదా! కాని ఆ వెతుకులాట ఒక విలీన నమోదు దగ్గర ఆగితే? రెండు పాయలూ విడివిడిగా బాగున్నాయి, కలిసిన చోట చెడింది అని మాత్రమే తెలుస్తుంది. అక్కడి నుంచి మళ్ళీ చేతితో వెతుక్కోవాలి.

తిరిగి పేర్చడం

రాధ వేరే ఏమి చేసి ఉండవలసింది? ముందుగా 'గిట్ ఫెచ్' అని కొత్త మార్పులను తెచ్చుకొని, గోపి ఏమి చేశాడో చదివి చూడవలసింది. తర్వాత 'గిట్ రీబేస్' అనే ఆదేశం ఇవ్వవచ్చు. రీబేస్ అంటే పునాది మార్చడం. ఖ మీద కట్టిన ఘను తీసి, గ మీద తిరిగి పేర్చడమన్నమాట. గోపి మార్పు అయిన తర్వాతే తాను పని మొదలుపెట్టినట్టుగా రాధ నమోదు మళ్ళీ తయారవుతుంది. మీ బొమ్మలో రెండవ పాయను చెరిపేసి, గ తర్వాత ఘ1 అనే చుక్క పెట్టండి. క, ఖ, గ, ఘ1 – ఒకే గీత. ముడి లేదు.

"అయితే రీబేస్ చేస్తే వాక్యాల తగాదా రాదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న! తప్పకుండా వస్తుంది. ఇద్దరూ ఒకే వాక్యాన్ని మార్చారు కనుక ఇక్కడా గిట్ ఆగి అడుగుతుంది. రాధ ఇక్కడా తొందరపడి తన వాక్యాన్నే ఉంచవచ్చు. కాని అప్పుడు ఘ1ను తెరిచి చూసినవారికి 'ఆ నెల రోజులతో' అనే మాటలు పోయి '30తో' అని రావడం స్పష్టంగా కనిపిస్తుంది. పంపేముందు రాధకే కనిపించవచ్చు. రీబేస్ తప్పును ఆపే మంత్రం కాదు. తప్పును వెలుగులో పెడుతుంది, అంతే.

కొన్నిసార్లు ఇదీ అవసరం ఉండదు. రాధ కొత్త నమోదులేవీ చేయకపోతే, ఆమె దగ్గరి గీత ఖ దగ్గర ఆగి ఉంటుంది. గ వచ్చినప్పుడు గుర్తును ఖ నుంచి గకు జరిపితే చాలు. దీన్ని 'ఫాస్ట్ ఫార్వర్డ్' అంటారు. ఇక్కడ పాయ చీలనే లేదు. కనుక కలపవలసిందీ లేదు.

పంచుకున్నదాన్ని కదపరాదు

రీబేస్ ఇంత బాగుంటే ఎప్పుడూ అదే చేయవచ్చు కదా? చేయకూడదు! ఎందుకో మన చీటీలే చెబుతాయి.

5, 23 అనే సంఖ్యల చీటీలు ఉమ్మడివి అనుకోండి. గోపి 6 మాటల చీటీని 23 మీద పెట్టాడు. దాని సంఖ్య 75. రాధ 9 మాటల చీటీని కూడా 23 మీదే పెట్టింది. దాని సంఖ్య 69+9, అంటే 78. ఇప్పుడు రాధ చీటీని తీసి 75 మీద పెడదాం. 225+9 చేస్తే 234, సంఖ్య 34. చీటీలోని మాటలు అవే. సంఖ్య మాత్రం మారింది. అంటే రీబేస్ పాత నమోదును కదల్చలేదు. దాని పోలికలతో కొత్త నమోదును తయారు చేసింది.

78 సంఖ్య గల చీటీని రాధ ఎవరికీ చూపించకపోతే ఇబ్బంది లేదు. కాని ముందే పంచుకుని ఉంటే? మూడో స్నేహితుడు ఎవరో దాని మీద 4 మాటల చీటీ పెట్టుకుని ఉండవచ్చు. దాని సంఖ్య 234+4 కనుక 38. "నా ముందున్నది 78" అని ఆ చీటీ చెబుతూ ఉంటుంది. ఉమ్మడి గొలుసులో మాత్రం 78 లేదు! అతని పని ఆధారం లేకుండా మిగిలింది. అతను మళ్ళీ కలపబోతే ఒకే మార్పు రెండు వేర్వేరు సంఖ్యలతో చరిత్రలో చేరే ప్రమాదం ఉంది. ముడులు తప్పించబోయి పెద్ద చిక్కు తెచ్చుకున్నట్టవుతుంది.

అందుకే అనుభవజ్ఞులు ఒక నియమం పాటిస్తారు. ఇంకా ఎవరికీ ఇవ్వని సొంత నమోదులను తిరిగి పేర్చుకోవచ్చు. ఇతరులు తీసుకున్న నమోదులను కదపరాదు.

ముడి పడకుండా ఉండాలంటే

ఇప్పుడు ఆచరణలోకి వద్దాం. ఉమ్మడి ప్రోగ్రాములో పనిచేసేవారికి ఈ కొద్ది అలవాట్లు చాలు.

ఒకటి: పని మొదలుపెట్టే ముందు కొత్త మార్పులను తెచ్చుకోండి. చీలిక ఎంత చిన్నదయితే కలపడం అంత తేలిక.

రెండు: అందరి పాయలో నేరుగా పనిచేయకుండా, ఒక్కొక్క పనికి ఒక సొంత పాయ పెట్టుకోండి. అప్పుడు ప్రధాన పాయ ఎప్పుడూ ముందుకే జరుగుతుంది.

మూడు: తేవడం, కలపడం రెండూ ఒకే గుక్కలో చేయకండి. తెచ్చుకోండి, చదవండి, తర్వాత నిర్ణయించండి.

నాలుగు: 'గిట్ పుల్' ఆదేశం నేరుగా ముందుకు జరగగలిగినప్పుడే పనిచేసేలా, లేకపోతే ఆగిపోయేలా గిట్‌లో అమర్చుకోవచ్చు. ఈ అమరికను 'ఫాస్ట్ ఫార్వర్డ్ ఓన్లీ' అంటారు. ఆగితే కోపం తెచ్చుకోకండి. పాయ చీలిందని మీకు చెబుతోంది.

ఐదు: అనుకోకుండా విలీనం జరిగిపోయినా, ఇంకా పంపకపోతే కంగారు పడనక్కరలేదు. విలీనానికి ముందున్న స్థితిని గిట్ 'ఓరిగ్ హెడ్' అనే పేరుతో గుర్తు పెట్టుకుంటుంది. వెంటనే అక్కడికి తిరిగి వెళ్ళవచ్చు. ఇంకా నమోదు చేయని మార్పులుంటే మాత్రం ముందు వాటిని భద్రం చేసుకోండి. పంపేసి ఉంటే దాన్ని బలవంతంగా చెరపకండి. తప్పు ఏదైనా జరిగి ఉంటే కొత్త నమోదుతో దిద్దండి.

ఈ పొరపాటు ఎంత సాధారణమో గిట్ తయారీదారులకూ తెలుసు. 2020 జూన్‌లో వచ్చిన 2.27వ కూర్పు నుంచి, ఎలా కలపాలో చెప్పకుండా 'పుల్' అంటే గిట్ హెచ్చరించసాగింది. 2021లో వచ్చిన ఒక కూర్పు నుంచి, పాయలు చీలి ఉంటే తనంతట తాను కలపకుండా ఆగి, ఎలా కలపాలో చెప్పమని అడుగుతోంది. అంతకుముందు 2016లో మరో మార్పు వచ్చింది. ఏ సంబంధమూ లేని రెండు చరిత్రలు కూడా పొరపాటున కలిసిపోతుండేవి. 2.9వ కూర్పు నుంచి, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప గిట్ అటువంటివాటిని కలపడం లేదు.

విలీనం శత్రువు కాదు

ఇదంతా చదివి విలీనమే చెడ్డదనుకుంటున్నారా? కాదు. కృష్ణలో తుంగభద్ర కలిసినట్టు, పెద్ద పనులు కలవవలసిన చోట కలవాలి. లినక్స్‌లో ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క బాధ్యుడు ఉంటారు. కొత్త కూర్పు తయారీ మొదట్లో సుమారు రెండు వారాలపాటు టోర్వాల్డ్స్ ఈ విభాగాల పనిని వరుసగా ప్రధాన పాయలో కలుపుకుంటారు. ఇవన్నీ విలీన నమోదులే. 2014లో లినక్స్ చరిత్రలో ఏకంగా 66 పాయలు ఒకే నమోదులో కలిశాయంటే నమ్ముతారా!

తేడా ఎక్కడుందంటే, ఎందుకు కలుపుతున్నామో తెలిసి కలపడంలో ఉంది. విలీనం ఎందుకు చేశారో రాయాలని లినక్స్ బాధ్యులకు ఇచ్చే మార్గదర్శకాలు చెబుతాయి. ప్రధాన పాయను కారణం లేకుండా మాటిమాటికీ తమ పాయలోకి కలుపుకోవద్దని కూడా చెబుతాయి. 2012లో వచ్చిన గిట్ 1.7.10వ కూర్పు నుంచి, విలీనం చేసేటప్పుడు సందేశం రాసే కిటికీ దానంతటదే తెరుచుకుంటోంది. కలిపేవారు కారణం రాస్తారని ఆశ. ఆ కిటికీ తెరుచుకున్నప్పుడు మీకు రాయడానికి ఏమీ తోచకపోతే, ఆ విలీనం అక్కరలేదేమో అని ఒకసారి ఆలోచించండి.

ఇక మన వర్షమాపకం సంగతి. గోపి, రాధ ఒకే బల్ల ముందు కూర్చుని, చ నమోదును రెండు పాయలతోనూ విడివిడిగా పోల్చి చూశారు. గోపి పాయతో పోల్చగానే పోయిన మాటలు కనిపించాయి. చ అప్పటికే అందరికీ చేరింది కనుక దాన్ని కదపలేదు. వాక్యాన్ని సరిచేసి ఛ అనే కొత్త నమోదు చేశారు. "విలీనంలో పోయిన నెల రోజుల దిద్దుబాటును తిరిగి చేర్చాం" అని సందేశం రాశారు. వచ్చే ఏడాది క్లబ్బులో చేరే పిల్లలు ఈ చరిత్రను చదివితే, ఏమి జరిగిందో ఎవరినీ అడగకుండానే తెలుసుకోగలుగుతారు.

జులై సగటు? 6.0 మి.మీ.!